యాత్రా చిత్రములు – ఇంటి వాడుక

(మన సంఘపు సమావేశమున ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగ ఉపాధ్యాయులో, పండితులో మాటలాడుట పరిపాటి. నేను పదవ తరగతి పరీక్ష ముగియగానే పుస్తకము మూసి త్రాసు పట్టినవాడను. వేరుసెనగ, చింతపండు, మిరపకాయల బేరము తప్ప వేరు విద్య నాకు రాదు. అయినను కార్యదర్శిగారు, "యాత్రలకు పోయి వచ్చినవారు తెచ్చుకొను ఫోటోలను ఇంటిలో ఏయే విధములుగ వాడుకొనవచ్చునో ఈ మారు మీరే చెప్పవలెను" అని పట్టుబట్టిరి. నన్నే ఏల పట్టుకొనిరో నాకు తెలియును. మా అంగడి గోడకు వ్రేలాడు ఒక పాత కాలెండరు బొమ్మను చూచి వారు దాని కథ అడిగియుండిరి. ఆ కథ మీకును చెప్పెదను. దానికి ముందు రెండు మాటలు.

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను, దానికి మూడు దిక్కుల ఆంధ్రప్రదేశపు సరిహద్దే. ఉదయము బయలుదేరినచో లేపాక్షియో, పెనుకొండయో చూచి దీపాలవేళకు ఇల్లు చేరవచ్చును. కదిరి నరసింహస్వామి, తిరుమల, అహోబిలము, శ్రీశైలము, మంత్రాలయము, హంపి – ఇవి మన ఇండ్లలో తరతరములుగ నడచు యాత్రలు. మనము పోవుటయే కాదు, శనైశ్చరస్వామి దర్శనమునకై మన ఊరికే దూరప్రాంతముల యాత్రికులు వచ్చుచున్నారు. కనుక యాత్రికుని సంతోషమెట్టిదో, గుడి ముందర నిలిచి ఫోటో తీయించుకొనుటలో అతనికి గల ముచ్చట ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

పూర్వము యాత్రకు ఒక ఫోటో. క్షేత్రములోని స్టూడియోలో రంగుల తెర ముందు వరుసగ నిలువబెట్టి, కదలవద్దని చెప్పి తీసెడివారు. తెరపై చిత్రించిన గోపురమే గోపురము, తోటయే తోట. ఆ ఒక్క ఫోటోకు పటము కట్టించి నడవలో మేకుకు తగిలించెడివారు. ఇంటికి వచ్చిన చుట్టము మొదట దానినే చూచును. "ఎప్పుడు పోయినారు?" అని అడుగును. అంతట కథ మొదలగును. ఆ విధముగ ఒక్క ఫోటో నలువది ఏండ్లు ఇంటిలో పని చేసెడిది. నేడు యాత్రకు మూడు వందల ఫోటోలు. ఈ ప్రసంగము వ్రాయుటకు కూర్చున్నపుడు నా ఫోనులోని చిత్రములను చూచుకొంటిని. నాలుగు వేల పైచిలుకున్నవి. వానిలో కాగితముపై వేయించి ఇంట పెట్టినవి పదకొండు మాత్రమే. తక్కినవానిని తీసిన దినమున చూచితిని, మరల చూడలేదు.

వ్యాపారములో మాకొక పాఠము కలదు. కొట్టులో నింపిన సరుకంతయు ఆస్తి కాదు, తిరుగు సరుకే ఆస్తి. వేరుసెనగపప్పు ఎంత మేలైనదైనను, మూటగట్టి మూలనుంచి మరచినచో పురుగు పట్టును, ముక్కవాసన కొట్టును. చేతులు మారుచున్నంతవరకే దానికి విలువ. ఫోటోలకును ఇదే న్యాయమని నేను నష్టపడి తెలిసికొంటిని.

ఇక ఆ కథ. కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మను హంపికి తీసికొనిపోయితిమి. విఠలస్వామి గుడి ప్రాకారములోని రాతిరథమును చూడగానే ఆమె చెంగు ముడి విప్పి ఏబది రూపాయల నోటు తీసినది. 2017లో వచ్చిన ఆ క్రొత్త నోటు వెనుక ఉన్నది ఆ రథపు బొమ్మయే. నోటును ఒక చేత, చెప్పులను ఒక చేత పట్టుకొని, "ఇన్నాళ్లూ దీన్నే కదప్పా కొంగులో కట్టుకోని తిరిగింది!" అని నవ్వినది. ఆ నవ్వునే నేను ఫోటో తీసితిని. ఆ యేడు ఉగాదికి ఖాతాదారులకు ఇచ్చు కాలెండరుకు, అచ్చువేయువారు చూపిన బొమ్మలేవియు నచ్చక, ఆ ఫోటోనే ఇచ్చితిని. మూడు వందల ప్రతులు వేయించి పల్లెలకు పంచితిమి.

కొంతకాలమునకు నా ఫోను నీళ్లతొట్టిలో పడెను. దానిలోని చిత్రములు మరల రాలేదు. వేరొకచోట ప్రతి పెట్టుకొనలేదు, అది నా తప్పే. ఆ సంవత్సరమే మా అమ్మ కాలము చేసినది. పదునైదు దినముల యాత్రలో తీసిన ఆమె చిత్రములలో ఒక్కటియు మిగులలేదు. కాలెండరు ప్రతులైనను ఉండునేమో యని చూచితిని. సంవత్సరము తిరుగగానే క్రొత్తది తగిలించి, పాతవానిని మేమే పొట్లములు కట్టి యుంటిమి. తుదకు ఖాతాదారుల ఊళ్లకు పోయి విచారించగా, ఒక రైతు ఇంటిలో అది దొరికెను. ఆయన ఆ బొమ్మను కత్తిరించి, అట్టకు అంటించి, తలుపు వెనుక తగిలించియుండెను. ఇమ్మని అడిగితిని. "రెండేండ్లుగా ఈ యమ్మ మా యింట్లో ఉండాది సామీ, ఇప్పుడు ఎట్ల పంపేది?" అని ఆయన అనెను. ఇయ్యలేదు, గాని ఫోటో తీసికొననిచ్చెను. మా అంగడి గోడపైనున్నది దాని నకలు. నా ఫోనులో భద్రముగ దాచినవన్నియు పోయినవి. పరుల ఇంటిలో వాడుకలో నున్న ఒక్కటి మిగిలినది. నేడు నేను చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే. వాడుకలో నున్న చిత్రమే నిలుచును.

అయితే ఎట్లు వాడుకొనవలెను? మొదట ఒక నియమము చెప్పి, పిమ్మట వాడుకలను చెప్పెదను.

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామిగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణము నుండి బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మార్గమున కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన యాత్రా వృత్తాంతము "కాశీయాత్ర చరిత్ర" యను పేర 1838లో అచ్చయ్యెను. ఫోటో తీయు విద్య పారిసులో లోకమునకు ప్రకటింపబడినది 1839లో. అనగా ఆయనకు కెమెరా లేదు. దారిలో ఏ ఊరెంత దూరము, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ అంగళ్లు కలవు, ఏ వస్తువు దొరకును, బాట ఇసుకయా, రాయియా – అన్నియు మాటలతోనే వ్రాసి పంపిరి. దాదాపు రెండు వందల ఏండ్లకు పిమ్మట నావంటి వ్యాపారి చదివినను ఆ ఊరి అంగడి కంటికి కట్టును. ఆయనకు మాటలుండెను, బొమ్మ లేదు. మనకు వేల బొమ్మలున్నవి, మాట ఒక్కటియు లేదు.

మాట లేని బొమ్మకు కలుగు గతి మా ఇంటిలోనే చూచితిని. మా తాతగారి ట్రంకు పెట్టెలో రెండు పాత ఫోటోలున్నవి. ఒకదాని వెనుక ఆయన పెన్సిలుతో, "శ్రీశైలము. శివరాత్రి. 1961. అమ్మ, నేను, చిన్నక్క. తిరిగి వచ్చునపుడు అమ్మ ఒక ముంత నీళ్లు తెచ్చి ఊరందరికి తీర్థమిచ్చినది" అని వ్రాసియుండిరి. నాలుగు ముక్కలు. ఆ ముంత ఇప్పటికిని మా పూజగదిలో నున్నది. నా కుమార్తె ఆ ఫోటో చూచినప్పుడెల్ల ముంతను తాకి చూచును. రెండవ ఫోటో వెనుక ఏమియు లేదు. రంగుల తెర ముందు ఇద్దరు స్త్రీలు, ఒక ముసలాయన, మొలత్రాడు కట్టిన ఒక పిల్లవాడు. "నాయనా, వీళ్లెవరు? మనవాళ్లేనా?" అని నా కుమార్తె అడిగెను. మా నాయనగారికి తెలిసియుండును. ఆయన బ్రతికియున్నపుడు అడుగవలెనని నాకు తోచలేదు. ఇప్పుడు ఆ నలుగురును మా పెట్టెలోనే ఉండి మాకు పరాయివారైరి.

కనుక నియమమేమనగా, ఇంట పెట్టు ప్రతి చిత్రము క్రింద నాలుగు సంగతులు వ్రాయవలెను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి జరిగినది. నాలుగవది మరువరాదు. "తిరుమల, 2019" అని వ్రాసినచో అది చీటీ యగును. "మెట్లదారిలో వాన పట్టుకొనగా అవ్వ తన కంబళి పరాయి పిల్లకు కప్పినది" అని వ్రాసినచో అది చరిత్ర యగును.

ఆ నాలుగు పంక్తులు తెలుగులో వ్రాయుడని నా మనవి. మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. అది మన రాష్ట్ర భాష, అన్నము పెట్టు భాష, దానిని చక్కగ నేర్చుకొనవలసినదే. కాని ఇంట తెలుగు మాటలాడు పిల్లలకు తెలుగు అక్షరము రాకుండ పోవుచున్నది. దీనికి పెద్ద ప్రయాస అక్కరలేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి విడివడిన అక్కచెల్లెండ్రు. కన్నడము చదువగల పిల్లకు తెలుగులో సగము అక్షరములు చూడగానే తెలియును. తలకట్టు తేడాయు, కొన్ని అక్షరముల రూపభేదమును నేర్పినచో చాలును. వాచకము ఎదుట పెట్టినచో పిల్ల ఆవులించును. తన ఫోటో క్రింద తన పేరు వ్రాసియున్నచో అడిగి చదువుకొనును. మా ఇంటిలో అదియే జరిగినది. ముంత కథ చదువవలెనని పట్టుబట్టి నా కుమార్తె తాతగారి వ్రాత కూడబలుకుకొనినది.

ఇక వాడుకలు. నేను చేసినవియు, బంధుమిత్రుల ఇండ్లలో చూచినవియు మాత్రమే చెప్పెదను.

మొదటిది కాలెండరు. అంగడివారే వేయించవలెనని లేదు. పండ్రెండు చిత్రములు ఎంచి, ఇంటికొక కాలెండరు చేయించుకొనవచ్చును. ఆ యా మాసమునకు తగిన యాత్ర ఎన్నుకొన్నచో మరింత శోభ. శివరాత్రి మాసమునకు శ్రీశైలము, ఎండాకాలమునకు చల్లని ఏటియొడ్డు. తేదీల ప్రక్క గళ్లు వెడల్పుగ ఉంచుడు. ఆడవారు పాల లెక్కయు, గ్యాసు బండ వచ్చిన దినమును వ్రాసికొందురు. దినమునకు పదిమార్లు చూచు వస్తువు ఇంట అంతకు మించినది లేదు.

రెండవది పిల్లల పుస్తకములు. బడి తెరచు దినములలో నోటుపుస్తకములకు అట్టలు వేసి, బజారులో కొన్న చీటీలు అంటింతుము. ఆ చీటీకి బదులు యాత్రా చిత్రము చిన్నదిగ వేయించి, క్రింద పేరు, తరగతి వ్రాయించుడు. మా చుట్టముల పిల్లవాడొకడు చరిత్ర పుస్తకమునకు పెనుకొండ కోట చిత్రము, సామాన్యశాస్త్రమునకు మఱ్ఱిచెట్టు చిత్రము అంటించుకొనెను. అది కదిరి ప్రాంతమున నున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను. 1989లో గిన్నిసు పుస్తకమువారు ప్రపంచములో అతి పెద్ద మఱ్ఱిగ దానిని గుర్తించిరి. ఆ మాను ఒక్క ఫోటోలో ఇముడదు. ఆ పిల్లవాని తండ్రి ఒక చోట నిలిచి, కొద్దికొద్దిగ తిరుగుచు ఆరు ఫోటోలు తీసి, ఆరింటిని ప్రక్క ప్రక్కన అట్టపై అంటించి ద్వారము మీద తోరణమువలె పెట్టెను. వచ్చినవారందరు తలయెత్తి ఊడలు లెక్కించుచుందురు.

మూడవది బొమ్మల కొలువు. నవరాత్రులలో కొలువు పెట్టు ఇండ్లు మనలో పెక్కు కలవు. మెట్లపై పాత బొమ్మల ప్రక్క, ఆ యేడు చూచిన క్షేత్రమును నిలుపవచ్చును. లేపాక్షి ఏకశిలా నందిని ఫోటో తీసి, పెద్దదిగ వేయించి, దట్టమైన అట్టకు అంటించి, అంచు వెంట కత్తిరించి, వెనుక ఊత పెట్టినచో చక్కని బొమ్మ యగును. పిల్లలకు ఇది ఒక పూట ఆట. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు దాని కథ చెప్పు పనిని పిల్లలకే అప్పగింపుడు.

నాలుగవది ముగ్గు, అంచు. ఇది నా భార్య ఉపాయము. లేపాక్షిలో వీరభద్రస్వామి ఆలయమును అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిరి. అక్కడి లతామంటపపు స్తంభములపై చెక్కిన అల్లికలు, తీగలు, హంసలు నేతగాండ్రకు నమూనాలుగ ఎంతో కాలముగ ప్రసిద్ధములు. మేమందరము గుడి ముందర నిలిచి ఫోటోలు తీయించుకొనుచుండగా, ఆమె స్తంభమునకొక ఫోటో తీసికొనినది. ధనుర్మాసములో దినమునకొక స్తంభపు నమూనా మా వాకిట ముగ్గుగ వెలసెను. ఒకదానిని కాగితముపై గళ్లు గీసి దించి, మన తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో తెలిసిన నేతగానికి చూపగా, ఆయన చీర అంచుగ నేసి ఇచ్చెను. నాలుగు వందల యేండ్లకు మించిన రాతి తీగ మా అక్క కుమార్తె పెండ్లి చీరలో పూచినది.

ఐదవది సారె. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు సారెతో కూడ ఒక చిన్న ఆల్బము ఇయ్యవలెనని నా కోరిక. పుట్టినింటి వాకిలి, పావగడ కొండకోట, ఇలవేల్పు గుడి, తల్లిదండ్రులతో చేసిన యాత్ర – ఇరువది చిత్రములు చాలును. బెంగుళూరులోనో, విదేశములోనో ఉన్న పిల్లకు పండుగ దినమున ఆ పుస్తకమే పుట్టినిల్లు. ఇదివరకే దూరమున నున్నవారికి జాబు వ్రాసి దానితో ఒక ఫోటో పంపుడు. ఒక చిన్న హెచ్చరిక: ఇన్లాండు లెటరులో ఏమియు మడిచి పెట్టరాదు, కవరులోనే పంపవలెను. ఫోనులో పంపిన చిత్రము క్షణములో చేరును, క్షణములో మరుపునకు వచ్చును. తపాలాలో వచ్చినది బీరువా తలుపుకు అంటుకొనును.

ఆరవది వృద్ధుల మంచము ప్రక్క గోడ. చూపు తగ్గినవారికి ఫోను తెరపై వ్రేలితో జరుపుట కష్టము. వారు చేసిన యాత్రల చిత్రములు నాలుగు పెద్దవిగ వేయించి, పండుకొన్నను కనబడు ఎత్తులో పెట్టుడు. సాయంకాలము ప్రక్కన కూర్చుండి, "అవ్వా, ఈ దినమున ఏమి తింటిరి? ఎక్కడ పండుకొంటిరి?" అని అడుగుడు. వారు చెప్పినది వెంటనే వ్రాసికొనుడు. నేను అడుగక పోగొట్టుకొన్నది మీరు పోగొట్టుకొనవద్దు.

ఏడవది నాకు మిక్కిలి ఇష్టమైనది. అదే చోట మరల నిలుచుట. 1856లో అలెగ్జాండరు గ్రీన్‌లా అను సైనికోద్యోగి హంపికి పోయి, మైనము పట్టించిన కాగితపు నెగటివులపై అక్కడి కట్టడములను చిత్రించెను. 1983లో జాన్ గోలింగ్సు అను ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు ఆ పాత చిత్రములను పట్టుకొని, గ్రీన్‌లా నిలిచిన చోట్లనే నిలిచి మరల తీసెను. రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో కాలము నడచిన జాడ కనబడును. మా అమ్మ నవ్విన ఆ రాతిరథముపై 1856 నాటి చిత్రములో ఇటుక శిఖరముండెను. నేడు అది లేదు. ఆ ఫోటోయే లేకున్నచో శిఖరముండెనని మనలో ఎందరికి తెలియును?

ఈ పనికి హంపి వరకు పోనక్కరలేదు. మన తిరుమణి, వల్లూరు ప్రాంతపు చేలు తలచుకొనుడు. 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్కేంద్రము పదమూడు వేల ఎకరములలో పరచుకొని, రెండు వేల ఏబది మెగావాట్ల శక్తి గలదైనది. కరవుతో తల్లడిల్లిన రైతుకు కౌలు సొమ్ము వచ్చినది, మంచిదే. కాని ఆ చేలలో వేరుసెనగ పీకిన దినములు, గట్టున చద్ది తిన్న దినములు ఫోటోలలో ఎన్ని ఇండ్లలో నున్నవి? కాశి ఫోటో ఎల్లరు తీయుదురు, కాశి అక్కడనే యుండును. మన పొలము గట్టు ఫోటో మనము తప్ప మరి ఎవరు తీయుదురు? కనుక ఏటేట ఉగాదికి, ఇంటి వాకిట అదే చోట, అదే వరుసలో కుటుంబమంతయు నిలిచి ఒక ఫోటో తీయించుకొనుడు. ఇంటి ముంగిటికి చేయు యాత్రయు యాత్రయే.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగించెదను.

ఫోటోపై ఎండ పడనీయరాదు, రంగు వెలియును. పటము కట్టించునపుడు గాజునకు ఫోటో అంటుకొనకుండ నడుమ అట్టచట్రము పెట్టించుడు. లేనిచో చెమ్మకు రెండును కరచుకొని, విడదీయబోగా చిరుగును. పాత ఫోటోలను లామినేషను చేయించవద్దు, ఒకమారు చేసిన పిమ్మట ఊడదీయుట సాధ్యము కాదు. నకలు తీయించి, నకలునకు ఏమి కావలెనన్న అది చేయించుడు. వెనుక వ్రాయుటకు మెత్తని పెన్సిలు మేలు. బాలుపెన్ను ఒత్తి వ్రాసినచో గీతలు ముందువైపు పొంగును. దీపపు మసి తగులు చోట, పొయ్యి ఆవిరి తగులు చోట పెట్టవద్దు. ట్రంకు పెట్టెలను నేలకు ఆనించక రాళ్లపై పెట్టుడు, చెదలు మన ఊళ్లలో ఎవరిని అడిగి రావు. ఫోనులోని చిత్రములకు ఇంట ఒక ప్రతి, వేరొక ఊరిలోని బంధువుల యొద్ద ఒక ప్రతి యుంచుడు. నా నీళ్లతొట్టి నాకు నేర్పిన పాఠమిది.

మర్యాదకు సంబంధించినవి రెండు. ఫోటోలో పరాయివారున్నచో, ముఖ్యముగ ఆడవారు, పిల్లలున్నచో, వారి అనుమతి లేక కాలెండరులకు, పత్రికలకు ఇయ్యరాదు. తిరుమల ఆలయములోపల ఫోనులు, కెమెరాలు నిషిద్ధము. దర్శనము కన్నులకు, గోపురము కెమెరాకు అని పంచుకొందము. దేవుని రూపమును సంచులపై, పొట్లములపై, కాలు తగులు వస్తువులపై వేయించుట తగదు. చిరిగిన పిమ్మట అవి ఎక్కడ పడునో వ్యాపారినైన నాకు తెలియును. దారి, చెట్టు, కోనేరు, మెట్లు, మన మనుష్యులు – వాడుకకు ఇవి చాలును.

ఖర్చు ఎక్కువని ఎవరును అనుకొనవద్దు. ఒక కాఫీ ధరకు ఒక చిన్న ఫోటో వేయించుకొనవచ్చును. మూడు వందలు వేయించుమని నేను చెప్పుట లేదు. యాత్రకు ఐదు ఎన్నుకొనుడు. ఎన్నుకొనుటయే దానిలోని రుచి. ఇంటిల్లిపాది కూర్చుండి, ఇది ఉంచవలెనా, అది ఉంచవలెనా అని వాదించుకొనుచు మరల ఒకమారు ఆ యాత్ర చేసి వత్తురు.

మన సంఘమునకు నాదొక విన్నపము. వచ్చు ఉగాది సమావేశమునకు ఇంటికొక్క యాత్రా చిత్రము, క్రింద నాలుగు తెలుగు పంక్తులు వ్రాసి తెచ్చునట్లు తీర్మానింపుడు. ఆ పంక్తులు పిల్లల చేతనే వ్రాయింపుడు. తప్పులున్నను దిద్దక అట్లే గోడకు పెట్టుదము. వచ్చే యేటి వ్రాతతో పోల్చుకొన్నపుడు వారికే సంతోషము కలుగును. పటముల మేకులు, దారము, అట్టలు మా అంగడి నుండి వచ్చును.

చివరి మాట. పేరు లేని ఆ రెండవ ఫోటోను నేడు వెంట తెచ్చితిని. ఇద్దరు స్త్రీలు, ముసలాయన, మొలత్రాటి పిల్లవాడు. అధ్యక్షులవారి బల్లపై పెట్టుచున్నాను. ఇక్కడ డెబ్బది, ఎనుబది ఏండ్లు దాటిన పెద్దలు పలువురున్నారు. ఫలహారము స్వీకరించునపుడు దయచేసి ఒకమారు చూడుడు. ఎవరైన గుర్తుపట్టి ఒక్క పేరు చెప్పినను చాలును. వెనుక వ్రాసికొనుటకు పెన్సిలు తెచ్చితిని.